బరంపురం పిల్లుల షెల్టర్‌కి నాలుగు స్టార్లు, అడ్రస్ మాత్రం అడక్కండి

ముందే చెప్పీస్తున్నాను, ఇందులో షెల్టర్ పేరు ఉండదు, వీధి పేరు ఉండదు, ఫోన్ నంబర్ అసలే ఉండదు. ఇదేం రివ్యూ అని తిట్టుకోకండి, వాళ్ళే వద్దన్నారు. అడ్రస్ తెలిసిందంటే చాలు, రాత్రి పదకొండు దాటాక ఎవడో ఒకడు బండి మీద వచ్చి గేటు ముందర అట్టపెట్టి పెట్టీసి పారిపోతాడు, పొద్దున్న తీసి చూస్తే కళ్ళు తెరవని కూనలు, ఒక్కోసారి బతికుంటాయి ఒక్కోసారి ఉండవు. నేను తిరిగిన రెండున్నర నెలల్లోనే అలాంటి పెట్టెలు రెండు నా కళ్ళారా చూసేను. జంతువుల్ని హింసించకూడదన్న చట్టం 1960 నించీ ఉంది, తిండీ నీళ్ళూ లేక మాడిపోయేలాగ వదిలీడం కూడా అందులో నేరమే, కానీ మొదటిసారి దొరికితే జరిమానా 10 రూపాయల నించి 50 దాకానంట. యాభై రూపాయలకి ఎవడు భయపడతాడు చెప్పండి, పెట్రోలు కర్చు అంతకన్నా ఎక్కువ. కాబట్టి నిజంగా అవసరం అయినోళ్ళు పశువుల డాక్టర్ని అడగండి, మాకూ అలాగే తెలిసింది.

ఇంక మా కథ. మాది బరంపురంలో తెలుగోళ్ళ వీధే, ఇంట్లో అప్పడాలు ఊరగాయలు చేసి అమ్ముతాం, డాబా మీద ఒక స్టోర్ రూము ఉంది. రెండేళ్ళుగా ఒక మూడు రంగుల పిల్లి మా పిట్టగోడ మీద తిరుగుతోంది, తెలుపు నలుపు కాషాయం, ఇలాంటివి దాదాపు అన్నీ ఆడవేనంట, అది కూడా షెల్టర్‌లోనే తెలిసింది. రెండేళ్ళలో ఒక్కరోజు కూడా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, అన్నం పెడితే మనం మెట్లు దిగిన తరవాతే తింటుంది, ఎదురుపడితే ఉస్సుమని చెవులు వెనక్కి మడిచీస్తుంది. మా అత్తమ్మ దానికి పొగరు అని పేరు పెట్టీసేరు. ఎలకలు తగ్గేయి కదా అని మేమూ ఊరుకున్నాం. మొన్న మార్చి మొదట్లో మినపప్పు బస్తాల వెనక నాలుగు కూనలు కనిపించేయి, కళ్ళు ఇంకా తెరవలేదు, తల్లి లేదు. మావాడు, ఏడో క్లాసు గుంటడు, చెప్పులపెట్టిలో నాలుగింటినీ వేసుకుని కిందికి తెచ్చీసేడు, పాలు పట్టండి చచ్చిపోతాయి అని ఒకటే ఏడుపు.

అక్కడ మొదలయింది మా షెల్టర్ ప్రయాణం, మొదటి స్టార్ అక్కడే కొట్టీసేను. ఫోన్ ఎత్తరు. పొద్దున్న తొమ్మిదింటికి మొదలెట్టి మొత్తం పదకొండు సార్లు చేసేను, మెసేజ్ పెట్టేను, ఉలుకూ లేదు పలుకూ లేదు. చివరికి పెట్టి పట్టుకుని ఆటోలో వెళ్ళిపోయేం. తీరా వెళ్తే అక్కడ నడిపే ఆవిడ, ఒడియా ఆవిడ, అందరూ అపా అంటారు (మన వేపు అప్ప అన్నట్టే, రెండూ అక్కకే), పెట్టి మూత తీసి చూసి, లోపలికి కూడా రానివ్వకుండా గేటు దగ్గరే నిలబెట్టి, వీటిని ఎక్కడ తీసేరో అక్కడే పెట్టీయండి అనీసింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎండలో అంత దూరం వస్తే ఇదా సేవ అనుకుని ఆటోలోనే ఒక్క స్టార్ రివ్యూ మనసులో రాసీసుకున్నాను. కానీ ఆవిడ అడిగిన ప్రశ్నలు ఒకసారి చూడండి. కూనలు వెచ్చగా ఉన్నాయా చల్లగా ఉన్నాయా, పొట్టలు గుండ్రంగా ఉన్నాయా లేక వీపుకి అంటుకుపోయేయా, ఒళ్ళు శుభ్రంగా ఉందా, అరుస్తున్నాయా నిద్రపోతున్నాయా. మావి వెచ్చగా, పొట్టలు నిండుగా, ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి. అలా ఉంటే తల్లి ఉన్నట్టే, తిండికి వెళ్ళుంటుంది, గంటల తరబడి రాకపోవచ్చు, మీరు అక్కడే నిలబడితే మీకు భయపడి అసలు రాదు, మీరు కాపాడేం అనుకుంటారు గానీ నిజానికి తల్లి దగ్గర్నించి ఎత్తుకొచ్చీసేరు అంది. మనిషి చెయ్యి తగిలితే తల్లి వదిలీస్తుంది అన్నది కూడా వట్టి మాటేనంట. తల్లి పాలకి సాటి డబ్బా పాలు కావు, మొదటి వారాల్లో రోగాల్ని ఆపేది ఆ పాలే.

తల్లి వచ్చిందో లేదో ఎలా తెలుస్తాది అంటే ఆవిడ చెప్పిన ఉపాయం నాకు తెగ నచ్చీసింది. కూనల చుట్టూ పల్చగా పిండి జల్లీసి వెళ్ళిపొండి, వస్తే అడుగులు పడతాయి. మా ఇంట్లో పిండికేం కొదవ, అత్తమ్మ బియ్యప్పిండితో చుట్టూ గుండ్రంగా ముగ్గేసినట్టే వేసేరు. రాత్రి తొమ్మిదికి వెళ్ళి చూస్తే పిండి నిండా చిన్న చిన్న అడుగులు, కూనల మూతుల మీద కూడా పిండి. అత్తమ్మ నవ్వి, కృష్ణాష్టమికి మనం కృష్ణుడి పాదాలు వేస్తాం, ఇది దాని పాదాలు అదే వేసుకుందే అన్నారు.

ఇంతటితో అయిపోతే రివ్యూ రాయక్కర్లేదు. రెండో రోజు తెల్లారేసరికి తల్లి మూడు కూనల్ని పక్కింటి రేకుల షెడ్డులోకి మార్చీసి ఒకదాన్ని వదిలీసింది, అన్నిటికన్నా చిన్నది. మళ్ళీ వస్తుందేమో అని చాలాసేపు దూరం నించి చూసేం, రాలేదు. ముట్టుకుంటే చల్లగా, నోరు తెరుస్తోంది గానీ గొంతు రావట్లేదు. ఈసారి గేటు దగ్గర ఆపలేదు, అపా చేతిలోంచి లాక్కున్నట్టు తీసుకుంది. నేను దార్లో పాలు పట్టబోయేనని చెప్పేసరికి, పట్టేరా అని గట్టిగా అడిగింది, లేదమ్మా తాగలేదు అన్నాక ఊపిరి పీల్చుకుంది. చల్లబడిపోయిన కూనకి పాలు పట్టకూడదంట, ఒంట్లో వేడి లేకపోతే కడుపు అరగదు, ఆ పాలు లోపలే ఉండిపోయి ప్రాణం మీదకి వస్తుంది. మొదటి మూడు నాలుగు వారాలు తన వేడి తను నిలబెట్టుకోలేదు. అందుకని ముందు వేడినీళ్ళ సీసాకి తువ్వాలు చుట్టి పక్కన పెట్టి మెల్లిగా వెచ్చబరిచేరు, గంట దాటింది, చిగుళ్ళకి కాస్త గ్లూకోజు నీళ్ళు రాసేరు, అప్పుడు తూచితే 120 గ్రాములు. మా అప్పడాల కట్ట దీనికన్నా బరువు. పుట్టినప్పుడే 100 గ్రాముల దాకా ఉంటాయి కాబట్టి వారం రోజుల దానికి ఇది చాలా తక్కువ.

ఇక్కడే ఇంకో షాకు. తీసుకోలేదు. ఇక్కడ ఉంచితే రోగం వచ్చి పోతుంది, మీ ఇంట్లో పెంచండి, సామాన్లు మేమిస్తాం, రోజూ మెసేజ్ పెట్టండి అన్నారు. షెల్టర్ అంటే మనం ఇచ్చీసి చేతులు దులుపుకునే చోటు అనుకునేదాన్ని, ఇక్కడ సంచి పట్టుకుని వచ్చిన దానికన్నా ఎక్కువ సామాన్లతో ఇంటికి పంపేరు, పిల్లి కూనల పాలపొడి డబ్బా, సిరంజిలు, దూది, చిన్న తూకం, ఒక నోటుబుక్కు. అక్కడ మన తెలుగు కుర్రాడు ఒకడు వాలంటీరుగా ఉన్నాడు, కాలేజీ పిల్లాడు, ఓపిక ఎంతంటే నాకు మూడుసార్లు చేసి చూపించేడు. పసిపిల్లల్ని పట్టినట్టు వెల్లకిలా పెట్టి పట్టకూడదప్పా, పొట్ట మీద బోర్లా ఉంచి తల కొంచెం పైకి, లేకపోతే పాలు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిపోతాయి అని. పట్టిన ప్రతిసారీ తడి దూదితో కింద మెల్లిగా తుడవాలి, తల్లి నాకినట్టన్నమాట, లేకపోతే అంత చిన్నవి వాటంతట అవి ఉచ్చకి కూడా పోలేవు. ఆవుపాలు వద్దే వద్దు, విరేచనాలు పట్టుకుని నీళ్ళు పోయి చచ్చిపోతాయి. మా వీధిలో అందరూ చెప్పిన సలహా మాత్రం ఆవుపాలు నీళ్ళు కలిపి పట్టండి అనే.

రెండు మూడు గంటలకోసారి, రాత్రీ పగలూ. రాత్రి రెండింటి డ్యూటీ మా ఆయన, ఐదింటిది నాది. రోజుకి 10 నించి 15 గ్రాములు పెరగాలి, ఒకరోజు పెరక్కపోతే చెప్పమన్నారు, ఆరో రోజున పెరగలేదు, చెప్పేను, ఆ రోజు మాత్రం ఫోన్ రెండో రింగుకే ఎత్తేరు, అది కూడా రాయాలి కదా. మొత్తానికి నిలబడింది. పేరు కవల్లు, అవే చిన్న చేపలు, అంతే సైజు కాబట్టి.

షెల్టర్ ఎలా ఉందో చెప్పలేదు కదూ. పాత పెంకుటిల్లు, వెనక పెరట్లో రేకుల షెడ్డు, అన్నీ కలిపి మూడు గదులు. కొత్తగా వచ్చినవి 14 రోజులు వేరే గదిలో, ఆ గదికి వేరే చీపురు, వేరే గిన్నెలు, వేరే చెప్పులు, బయటికి వచ్చేటప్పుడు కాళ్ళు బ్లీచింగు నీళ్ళ ట్రేలో పెట్టాలి. ఇదంతా అతి అనిపించింది మొదట. పాన్‌ల్యూకోపీనియా అని ఒక జబ్బు ఉంది, కుక్కలకి వచ్చే పార్వో జబ్బుకి చుట్టం, టీకా పడని కూనలకి వస్తే చాలామట్టుకు బతకవు, ఆ వైరస్ గదిలో ఏడాది దాకా కూడా బతికుంటుంది, స్పిరిటుకి చావదు. బ్లీచు ఒక వంతుకి నీళ్ళు 32 వంతులు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచితే చస్తుంది. గతంలో ఒకసారి అలాగే వచ్చి గదిలో కూనలన్నీ పోయేయంట, అపా ఆ మాట చెప్పి ఇంక మాట్లాడలేదు. ఫినాయిలు, డెట్టాలు ఆ ఇంట్లో కనపడవు, పిల్లులు పాదాలు నాకుతాయి కదా, ఆ మందు వాటికి విషం. జ్వరం మాత్ర పారాసెటమాల్ కూడా అంతే, ఒక్క మాత్ర చాలు పిల్లి చావడానికి, గోడ మీద ఎర్ర అక్షరాలతో ఒడియాలోనూ తెలుగులోనూ రాసి పెట్టేరు. తెలుగులో అక్షర దోషాలున్నాయి, దిద్దుతానన్నాను, సున్నం వెయ్యనీ తరవాత అన్నారు, అది ఈ జన్మకి కాదు.

నచ్చనివీ రాయాలి. వాసన ఉంది. మధ్యాన్నం రెండింటికి వెళ్తే లిట్టరు ట్రేలు ఇంకా తియ్యలేదు, నలభై పైన పిల్లులకి పనిచేసేది ఇద్దరే మరి. రేకుల షెడ్డులో ఏప్రిల్ ఎండకి ఒక్కటే ఫ్యాను, కరెంటు పోతే అదీ లేదు, తడి గోనెలు కప్పుతారు. తుపాను వస్తే ఆ రేకులు ఉంటాయా అని నాకు భయం, 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మా వీధిలో రేకులు ఎలా ఎగిరేయో చూసినదాన్ని. ఇంకోటి, ఒకరోజు పెద్ద గదిలో ఒక పిల్లికి కంట్లో పుసి కారుతోంది, తుమ్ముతోంది, మిగతా వాటితోనే తింటోంది, నేను చూపించేకే వేరు చేసేరు. తప్పు ఒప్పుకున్నారు, అయినా నేను చూపించాలా? రసీదు కూడా మూడుసార్లు అడిగితే గానీ రాలేదు.

మనిషి అంటే పడని పిల్లులకి, వాళ్ళు ఫెరల్ అంటారు, ఒక గది వేరుగా ఉంది, అది మాత్రం చూసి తీరాలి. చూడడం అంటే దూరం నించే. పిల్లి ముద్దుచేసుకుందాం అని వచ్చేవాళ్ళకి అక్కడ ఏమీ కనపడదు, అట్టపెట్టెలు, పాత చీరల కర్టెన్లు, ఎత్తు మీద చెక్కలు, వాటి వెనకాల పచ్చగా మెరిసే కళ్ళు. కసురుకోవడం పొగరు కాదు, భయం. పుట్టిన రెండో వారం నించి ఏడెనిమిది వారాల లోపల మనిషి చెయ్యి, మనిషి గొంతు అలవాటు అయితే ఇంటి పిల్లి అవుతుంది, ఆ గడువు దాటిపోతే చాలామట్టుకు జన్మంతా మనం దానికి పులిలాగే కనిపిస్తాం. అలాంటి పెద్దదాన్ని పట్టి బోనులో పెంచడం దాన్ని జైల్లో పెట్టినట్టే, అందుకని పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి దాని చోట దాన్ని వదిలీడమే మంచిదని వాళ్ళ పద్ధతి. వైద్యం అవసరం అయినవే ఆ గదిలో ఉంటాయి, బాగయ్యాక పంపీస్తారు.

మా పొగరుకీ అదే చేసేం. పాలిచ్చే తల్లి మళ్ళీ కడుపుతో ఉండదని నేను అనుకునేదాన్ని, తప్పంట, పిల్లలు పాలు తాగుతుండగానే కడుపు వచ్చీగలదు, మోసేది 63 నించి 65 రోజులే, నాలుగైదు నెలల కూనకే కడుపు రావచ్చు. లెక్కేస్తే కళ్ళు తిరుగుతాయి. అందుకని కూనలు ఆరు వారాలవగానే ముందు వాటిని పట్టి, తరవాత తల్లిని పట్టాలని అనుకున్నాం. షెల్టర్ వాళ్ళు బోను ఇస్తారు, డిపాజిట్ వెయ్యి, తిరిగి ఇచ్చీస్తారు. ముందురోజు సాయంత్రం నించి తిండి పెట్టకూడదు, ఆకలి ఉంటేనే లోపలికి వెళ్తుంది. ఎర ఏంటంటే ఎండు కవల్లు, గోపాల్‌పూర్ నించి వచ్చినవి, నిప్పు మీద కొంచెం కాలిస్తే ఆ వాసనకి వీధిలో పిల్లులన్నీ వచ్చేయి, మొదటి రాత్రి పడింది ఎదురింటి వాళ్ళ పెంపుడు గండుపిల్లి, రెండో రాత్రి కూడా అదే, దానికి తెలిసిపోయింది ఇక్కడ చేపలు ఫ్రీ అని. మూడో రాత్రి నాలుగింటికి ఠంగుమని తలుపు పడింది. బోనులో పడగానే గుడ్డ కప్పీమన్నారు, చీకటి అయితే శాంతిస్తుంది, లేకపోతే ఇనపకమ్మీలకి కొట్టుకుని మూతి పగలగొట్టుకుంటుంది. చేతికి అందింది అత్తమ్మ దండెం మీద ఆరేసిన పాత నేత చీర, అదే కప్పీసేను.

పక్కింటి ఒడియా మాఉసీ (మన పిన్ని అన్నట్టే) మాత్రం, ఆపరేషన్ పాపం, పిల్లి షష్ఠీదేవి వాహనం, పిల్లల తల్లి ఆవిడ అని రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. అపా కూడా షష్ఠికి మొక్కేదే. వాహనాన్ని ఏడాదికి మూడుసార్లు ఈనిపించి వీధిలో చంపమని ఆ తల్లి చెప్పిందా అని మాఉసీనే అడిగీసింది, నాకైతే అంత ధైర్యం లేదు.

ఆపరేషన్ వారానికి రెండ్రోజులు, డాక్టరు బయట నించి వస్తారు. మాకు 1,800 అయింది, ఇవ్వలేనోళ్ళకి తక్కువ చేస్తారు. మత్తులో ఉండగానే ఎడమ చెవి కొన కొంచెం, సెంటీమీటరు లోపు, తిన్నగా కోసీస్తారు. నాకు అది చూడగానే బాధేసింది, కానీ దూరం నించి చూస్తేనే ఆపరేషన్ అయిపోయిందని తెలియాలి, లేకపోతే అదే పిల్లిని మళ్ళీ పట్టి మళ్ళీ పొట్ట కొయ్యాల్సి వస్తుంది. మూడ్రోజులు ఉంచుకుని తెచ్చి మా డాబా మీదే వదిలేరు. బోను తలుపు తియ్యగానే బాణంలాగ పిట్టగోడ దూకి పోయింది, రెండ్రోజులు అయిపు లేదు, మూడోరోజు అన్నం గిన్నె దగ్గరకి వచ్చి మామూలుగానే నన్ను కసిరింది.

కూనల్ని పట్టేటప్పుడు నా వేలు కొరికీసింది ఒకటి. అయ్యో చిన్న గాటే కదా అన్నాను, ఆ తెలుగు కుర్రాడు వినలేదు, కుళాయి కింద సబ్బు పెట్టి గడియారం చూసి 15 నిమిషాలు కడిగించి, తనే బండి మీద ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళి కుక్క కాటు ఇంజెక్షను వేయించేడు, పిల్లి కరిచినా అదే. మొత్తం కోర్సు పూర్తి చేసేదాకా డేట్లు గుర్తు చేస్తూనే ఉన్నాడు. ఈ ఒక్కదానికే ఒక స్టార్ ఇచ్చీవచ్చు.

ఆ మూడు కూనల్ని మచ్చిక చేసిన పద్ధతి గురించి ఎంత రాసినా తక్కువే. మూడింటినీ కలిపి ఉంచితే ఒకటి కసిరితే మిగతావీ నేర్చుకుంటాయని విడివిడి బోనుల్లో, మనిషి నడుం ఎత్తులో పెట్టేరు, నేల మీద పెడితే మనం రాక్షసుల్లాగ కనపడతాం. ఉప్పూ ఉల్లీ లేకుండా ఉడకబెట్టిన కోడిమాంసం పొడుగాటి చెంచా చివర పెట్టి అందిస్తారు, రోజురోజుకీ చెంచా పొట్టిదవుతుంది, చివరికి వేలే. కళ్ళలోకి గుచ్చి చూడకూడదు, మెల్లిగా కళ్ళు మూసి తెరవాలి. రేడియో వాగుతూనే ఉంటుంది, మనుషుల గొంతు అలవాటు అవ్వాలని, ఆకాశవాణి వార్తలు విని విని అవి ఒడియా పిల్లులయిపోయేయని మావాడు అంటాడు. పదిహేను రోజులకి రెండు ఒళ్ళో పడుకున్నాయి. మూడోది, కరిచిందే, లొంగలేదు. దాన్ని బలవంతం చెయ్యలేదు, ఆపరేషన్ చేయించి ఒక బియ్యం మిల్లు వాళ్ళకి ఇచ్చేరు, అక్కడ మూడు వారాలు ఒక గదిలో ఉంచి తిండి అక్కడే పెడితే ఇది నా చోటు అనుకుంటుంది, తరవాత వదిలేరు, ఎలకల డ్యూటీ చేస్తోందంట.

ఆ రెండూ ఇచ్ఛాపురంలో ఒక టీచరు గారింటికి జతగా వెళ్ళేయి, కిటికీలకి జాలీ ఉందో లేదో వీడియో కాల్లో చూసి గానీ ఇవ్వలేదు. పెళ్ళి చూపులకి కూడా ఇన్ని అడగరు. ఎనిమిది వారాలకి మొదటి టీకా, మళ్ళీ మూడు నాలుగు వారాలకి రెండోది, మూడు నెలలు దాటాక రేబీస్ టీకా, ఆ కార్డు కూడా ఇచ్చేరు. కవల్లు మా ఇంట్లోనే ఉండిపోయింది, ఇప్పుడు కిలో దాటింది.

వెళ్ళేవాళ్ళు డబ్బే ఇవ్వక్కర్లేదు. పాత దుప్పట్లు, తువ్వాళ్ళు, న్యూస్ పేపర్లు, బ్లీచు, 1 మిల్లీ సిరంజిలు వాళ్ళకి ఎప్పుడూ కావాలి, పాలు బిస్కెట్లు పట్టుకెళ్ళకండి. సాయంత్రం నాలుగు తరవాత వెళ్తే మనుషులు దొరుకుతారు. గుడ్డలు మాత్రం ఇచ్చీసేరంటే తిరిగి వస్తాయని అనుకోకండి, అత్తమ్మ నేత చీర బోనుతో పాటే వెళ్ళింది, ఏప్రిల్ నించీ అడుగుతున్నారు, మొన్న వెళ్ళి చూస్తే ఫెరల్ గదిలో కర్టెన్ అయిపోయి ఉంది, వెనకాల నించి ఎవరో కసిరేరు, నేను అడక్కుండానే వచ్చీసేను.